ఐదో అంశం, అభ్యంతరాలు

నా మైకు మూసి ఉంది. ఫోను తెర అడుగున మైకు బొమ్మ మీద అడ్డంగా ఎర్రగీత, దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు, ఖుర్షిదా. మూడింటికి మొదలైన మీటింగు నాలుగింటికి ముగియాలి. ఎజెండాలో ఐదు అంశాలున్నాయి, ఇంకా మొదటిదే నడుస్తోంది, ఐదోది నాది. నాదని ఎక్కడా రాసిలేదు. "అభ్యంతరాలు, ఉంటే" అని మాత్రం ఉంది, ఆ "ఉంటే" అన్న మాట ఎవరు చేర్చారో నాకు తెలుసు, ఉండవన్న ధీమాతోనే చేర్చారు. పధ్నాలుగు మంది పధ్నాలుగు చిన్న గళ్లలో కూర్చున్నారు, వాళ్ల వెనక పుస్తకాల బీరువాలు, తెల్లటి గోడలు, ఒకాయన కిటికీలో మంచు కూడా ఉంది. నా గడి నల్లగా ఉంది. కెమెరా తెరిస్తే వాళ్లకి మోటారు గది గోడ కనిపిస్తుంది, దాని పక్కన పాతిక సెంట్ల మేర పరిచిన మిరపకాయలు, ఆ ఎరుపు మధ్య తలగుడ్డలు చుట్టుకుని వంగి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆరుగురు ఆడవాళ్లు, చెయ్యి మెడకు కట్టుకుని వాళ్ల మీద అరుస్తున్న మా అమ్మ. ఇంట్లో సిగ్నల్ రాదు, కల్లంలో వస్తుంది. అందుకని పిడుగురాళ్లకి పది కిలోమీటర్ల అవతల, మా కల్లంలో, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఈ విశ్వం ఎలా మొదలైందన్న మీటింగు వింటున్నాను. నవ్వొచ్చినా నవ్వను, ఎందుకంటే ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. సిగ్నల్ ఎక్కడుంటే అక్కడే కదా ఎవరైనా కూర్చునేది.

"ఈ గీత చివర చూడండి, ఇక్కడ పైకి లేస్తోంది" అంటున్నారు శ్రీకృష్ణ గారు, నా గైడు. గొంతు మెత్తగా, నింపాదిగా ఉంది, క్లాసులో బోర్డు దగ్గర నిలబడి చెప్పినట్టే. ఆ గీత నాది. ఆ నీలం రంగు కూడా నేను ఎంచిందే. రెండేళ్లు పట్టింది దాన్ని గీయడానికి, పాతిక లక్షల గెలాక్సీలు, ఒక్కొక్కటి ఆకాశంలో ఎక్కడుంది, ఎంత దూరంలో ఉంది, దేనికి దగ్గరగా దేనికి ఎడంగా ఉంది, అన్నీ లెక్కపెడితే చివరికి వచ్చిన గీత. ఎడమ పక్క అనుకున్నట్టే ఉంటుంది, కుడి చివర, అంటే చాలా పెద్ద దూరాల దగ్గర, ఉండాల్సిన దానికన్నా కొంచెం పైకి లేస్తుంది. ఆ కొంచెం కోసమే ఈ పధ్నాలుగు మంది. మొదటిసారి అది తెర మీద లేవడం చూసినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గదిలో ఎవరూ లేరు, ఎవరికి గౌరవం ఇచ్చి నిలబడ్డానో తెలీదు, నిలబడ్డాను అంతే. ఇప్పుడు అదే గీతను ఆయన గొంతులో వింటుంటే, నా బిడ్డకి ఇంకెవరో దొంగ పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది. కాదు, ఇంకెవరో కాదు. నేను పేరు పెట్టనిచ్చాను.

ఇదంతా ఒక ఉబ్బు గురించి. ఆ మాట మా అమ్మ పెట్టింది. విశ్వం పుట్టిన తొలి క్షణంలో, క్షణం అన్నా ఎక్కువే, సెకనుని కోటానుకోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కలో, కంటికి కనిపించనంత చోటు ఒక్కసారి ఊహకందనంత సాగిందని మేం అనుకుంటున్నాం. దీనికి ఇంగ్లీషులో ఉన్న పేరే ధరలు పెరగడానికీ ఉంది, అందుకని మూడేళ్ల కింద మా ఊరికి వచ్చిన విలేకరి "ద్రవ్యోల్బణంపై పరిశోధన చేస్తున్న పల్నాటి రైతుబిడ్డ" అని నా ఫొటో వేశాడు. ఆ వారమంతా ఊళ్లో జనం ఎదురుపడి, నూనె ధర ఎప్పుడు తగ్గుతుందమ్మాయ్ అని అడిగారు. కాదండీ, ఇది ఆకాశం సంగతి అంటే, అయితే ఆకాశంలో కూడా పెరుగుతున్నాయా అన్నాడు పక్క పొలం యలమంద బాబాయి. అమ్మ మాత్రం మూడు రోజులు విని, "అంటే ఉబ్బిందంటావు" అంది. అవునమ్మా, ఉబ్బింది. "ఎవరు ఉబ్బించారు?" అదే తెలీదమ్మా. "తెలీకుండా ఇన్నాళ్లు ఏం చదువుతున్నావే?" అదే, అమ్మా, అదే చదువుతున్నాను. ఆ ఉబ్బులో అణువుకన్నా చిన్నవైన హెచ్చుతగ్గులు సాగి సాగి ఆకాశమంత అయ్యాయి, కాస్త ఎక్కువున్న చోట తర్వాత్తర్వాత గెలాక్సీలు చేరాయి, కాబట్టి ఇవాళ గెలాక్సీలు ఎక్కడెక్కడ గుంపు కట్టాయో చూస్తే ఆ తొలి క్షణంలో ఏం జరిగిందో కొంతైనా పట్టుకోవచ్చు. ఉబ్బించింది ఒకే ఒక్కటైతే గుంపులు ఒక తీరుగా ఉండాలి. రెండోది ఇంకేదో కూడా పనిచేసి ఉంటే, మరీ పెద్ద దూరాల దగ్గర గుంపులు కాస్త చిక్కబడాలి. నా గీత చివర లేచిన ఆ కొంచెం అదే, రెండోది ఉంది అని.

లేదు. ఉందని ఆయన అంటున్నారు.

రెండో అంశం మొదలైంది, పేపరు ఏ పత్రికకి పంపాలన్నది. కిటికీలో మంచున్న ఆయన ఏదో పత్రిక పేరు చెప్తున్నాడు, ఇంకెవరో అది ఆలస్యం చేస్తుందంటున్నారు. పడమటి వైపు నుంచి గాలి తగిలింది. చల్లగా తగిలింది, మార్చి నెలలో మధ్యాహ్నం మూడున్నరకి తగలాల్సిన గాలి కాదు. తలెత్తి చూశాను, పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీల తెల్లటి పొగ మామూలుగా నిటారుగా లేస్తుంది, ఇవాళ వంగి మావైపు చూస్తోంది, దాని వెనక సీసం రంగులో ఒక గీత. అమ్మ కూడా చూసింది. అమ్మ చూసిందని నాకెలా తెలిసిందంటే అరవడం ఆపింది.

మా తాత దూది ఏకేవాడు. నూర్‌బాషా వాళ్లం మేము, ఇంట్లో తెలుగే మాట్లాడతాం, నమాజు తప్ప ఇంకే ముక్కా తెలుగు కానిది నోట్లోంచి రాదు. తాత భుజాన పెద్ద విల్లు వేసుకుని ఊరూరా తిరిగేవాడట, నాకు గుర్తున్న తాత మాత్రం ఇంటి వసారాలో కూర్చున్నవాడే. పాత పరుపులోంచి తీసిన దూది అట్టలాగా గట్టిపడి ఉంటుంది, గుప్పెడంత ముందు పెట్టుకుని విల్లు తాడు మీటితే టంగుమని మోగి, ఆ గుప్పెడు దూది చూస్తుండగానే వసారా నిండిపోయేది, నా కనురెప్పల మీద, తాత గడ్డంలో, మేక వీపు మీద అంతా దూదే. ఈ కథ ఎక్కడైనా చెప్తే అందరూ అబ్బా ఎంత బాగుంది, విశ్వం కూడా అలాగే కదూ అంటారు. ఆ విలేకరీ అలాగే అన్నాడు. కాదు. అలా కాదు. దూది వసారాలోకి పరుచుకుంది, విశ్వానికి వసారా లేదు. మా తాతని ఉపమానం చేసుకుని మురిసిపోవడం నాకిష్టం లేదు, ఆయన పనివాడు, దగ్గి దగ్గి పోయాడు. నాకు ఆయన దగ్గర గుర్తున్నది దూది ఉబ్బడం కాదు, ఏకిన దూదిలో చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని వెతకడం. ఎక్కడో ఒక చిన్న ముడి, ఒక గింజ పెంకు తగిలితే తీసి పక్కన పడేసేవాడు. "అది దూది కాదు కదా" అనేవాడు. అంతే. కోపంగా కూడా కాదు.

హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయి, మీకు ఉర్దూ రాకుండా ఎలా అని అడిగింది. డిగ్రీలో మాస్టారు, మీలో ఆడపిల్లల్ని ఇంతవరకు చదివిస్తారా అని అడిగాడు. చాలామంది చాలా అడిగారు. పరిశోధనకి ఇంటర్వ్యూ చేసినప్పుడు బల్లకి అటుపక్క ఐదుగురు కూర్చుని, అందులో ఒకాయన, పెళ్లయితే ఏం చేస్తావమ్మా అని నవ్వుతూ అడిగితే, చివర కూర్చున్న మనిషి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇందాక వచ్చిన అబ్బాయిల్ని కూడా ఇదే అడిగారాండీ?" అన్నారు. ఆయనే శ్రీకృష్ణ గారు. మంగళగిరిలో మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి, నాన్న నేసిన చీరలు భుజాన మోసి అమ్మి చదువుకున్నానని ఎవరికైనా దాచకుండా చెప్తారు. ఆ రోజు నుంచి ఆయన మాట నాకు రాతిమీద రాత. మొదటి ఏడాది నా లెక్క ఒకటి ఆయనకి చూపిస్తే, బాగుందనకుండా, "దీన్ని పడగొట్టడానికి ఎంత ప్రయత్నించావు?" అన్నారు. ప్రయత్నించలేదు సార్. "వెళ్లి ప్రయత్నించు. నీ లెక్కకి నువ్వే మొదటి శత్రువువి కావాలి. పడకపోతే అప్పుడు తీసుకురా." నాకు ఈ పని అంటే ఏమిటో ఆ వాక్యంతోనే తెలిసింది. సార్, ఆ వాక్యం మీరే అన్నారు. మీరు మరిచిపోతే నేనేం చెయ్యాలి, నేనూ మరిచిపోవాలా?

పడింది. ఈ జనవరిలో నా నీలం గీత పడింది. మనం చూసేది ఎప్పుడూ మన పాలపుంత లోపల్నించే, ఇక్కడ సన్నటి ధూళి ఉంది, ఒకచోట పలచగా, ఒకచోట మందంగా. మందంగా ఉన్నచోట వెనకున్న మసక గెలాక్సీలు కనబడవు, కనబడకపోతే లెక్కలోకి రావు, అక్కడ తక్కువున్నాయని అనుకుంటాం. ఆకాశం మీద పెద్ద పెద్ద పట్టీలుగా ఈ తేడా పడుతుంది, సరిగ్గా పెద్ద దూరాల దగ్గర. దీనికి సవరణ చేస్తారు, మేమూ చేశాం, కానీ పాత ధూళి పటంతో చేశాం. పోయిన డిసెంబరులో కొత్త పటం వచ్చింది, ఇంకా సూక్ష్మంగా. ఊరికే, ఏమీ మారదన్న నమ్మకంతో, మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ వెళ్తూ అది పెట్టి నడిపించాను. తిరిగొచ్చి చూస్తే గీత చివర పడుకుని ఉంది. మందిలో ఎవరో తల దించుకున్నట్టు. నేను నమ్మలేదు. కంప్యూటర్లో వెయ్యి ఆకాశాలు తయారుచేశాను, రెండోదేదీ లేని ఆకాశాలు, మామూలువి, వాటి మీద మన ధూళి చల్లి పాత పటంతో సవరణ చేశాను. వెయ్యింటిలో ఆరు వందల పైచిలుకు ఆకాశాల్లో గీత చివర అలాగే లేచింది. అదే వంపు. ఏమీ లేనిచోట అదే వంపు. ఆ రోజు ఏడవలేదు, కోపం వచ్చింది, రెండేళ్ల మీద, పాతిక లక్షల గెలాక్సీల మీద, కుర్చీలోంచి లేచి నిలబడిన నా మీద. రెండోదేదీ లేకుండా ఊరికే ఆ వంపు వచ్చే అవకాశం వెయ్యింటికి మూడు అని పేపర్లో రాశాం. కొత్త పటంతో సవరించాక మిగిలిన కాస్త వంపుకి అది నాలుగింటికి ఒకటి. నాలుగింటికి ఒకటి అంటే ఏమీ లేదని.

"ఖుర్షిదా!" అమ్మ పిలుస్తోంది. చెయ్యి ఎత్తి ఒక్క నిమిషం అన్నాను. కుడి మణికట్టుకి సిమెంటు కట్టుతో అమ్మ ఎడమ చేత్తో చీపురు పట్టుకుని కాయని మధ్యకి నెడుతోంది. పదిహేను రోజుల కింద నీళ్ల బోదె గట్టు మీద జారి పడింది, అందుకే నేను ఇక్కడున్నాను. కోటిరత్నం అత్త నడుం మీద చేతులు పెట్టుకుని మబ్బు వైపు చూసి, ఊరంతా వినబడే గొంతుతో, "ఏవమ్మా నసీమున్నీసా, కుప్ప చేద్దామా, ఇంకా ఏరమంటావా? అది ఆగేట్టు లేదు" అంది. కోటిరత్నం ఈ ముఠాకి పెద్ద, మా పొలంలో నేను పుట్టక ముందు నుంచి కాయ కోస్తోంది, నన్ను ఎత్తుకుని మోసింది, ఆ చనువుతో నన్ను తిట్టే హక్కు ఆమెకుంది. "కుప్ప చెయ్యండి, బరకాలు తీసుకురండి, కప్పేద్దాం" అంది అమ్మ. పది రోజులు ఎండిన కాయ, ఇంకో రెండు ఎండలు కాస్తే గింజ గలగలమనేది. ఇప్పుడు తడిస్తే తెల్లబడి తాలైపోతుంది, ఏడాది పొడుగునా చేసిన చాకిరీ రంగు మారిపోతుంది. నేను లేవాలి. మూడో అంశం నడుస్తోంది. లేచి నిలబడ్డాను, ఇయర్‌ఫోన్లు చెవుల్లో, ఫోను ఓణీ కొంగులో ముడేసుకుని, తట్ట అందుకున్నాను.

మూడుసార్లు చెప్పాను. ఇది ఎవరడిగినా చెప్తాను, మూడుసార్లు ఆయనొక్కరికే చెప్పాను. జనవరిలో ఆయన గదిలో, వెయ్యి ఆకాశాల బొమ్మ బల్ల మీద పరిచి. ఆయన చాలాసేపు చూశారు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, "చూద్దాం" అన్నారు. ఫిబ్రవరిలో మెయిల్లో. జవాబు లేదు. మొన్న సోమవారం ఫోన్లో. "ఖుర్షిదా, మనం కనిపెట్టామని చెప్పట్లేదు. ఆనవాలు అంటున్నాం. ఆనవాలు అనడానికి కూడా భయపడితే ఎలా?" సార్, అది మన ధూళి ఆనవాలు. "అనుబంధంలో ఒక పేరా పెడదాం. సవరణ మారిస్తే ఫలితం కొంత మారవచ్చు అని." కొంత మారడం కాదు సార్, పోతోంది. అప్పుడు ఆయన ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. "ఆగస్టులో నేను రిటైర్ అవుతున్నాను తల్లీ" అన్నారు. ఐదేళ్లలో తల్లీ అనడం అదే మొదటిసారి. నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ముప్ఫై ఏళ్లుగా ఆయన ఈ ఒక్క వంపు కోసం చూశారు, ఎన్నో టెలిస్కోపుల పేపర్లలో ఎక్కడో నలభయ్యో పేరుగా ఉన్నారు, ఇప్పుడు మొదటిసారి ఆయన సొంత బృందం, ఆయన సొంత పేపరు, చివరి పేపరు.  తర్వాత గొంతు మారింది. "వచ్చే వారం నీ ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది కదా, నా సిఫారసు ఉత్తరం ఇంకా పంపలేదు. ఈ పేపరు గురించే రాద్దామనుకున్నాను. మీటింగులో ఇది లేవనెత్తకు." ఎంత నెమ్మదిగా అన్నారో. బెదిరింపని ఎవరూ అనలేరు. నేనంటాను.

పదేళ్ల కింద దక్షిణ ధ్రువంలో టెలిస్కోపు పెట్టినవాళ్లు కూడా తొలి క్షణం జాడ దొరికిందని ప్రకటించారు, ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది, ఏడాది తిరక్కముందే అందులో చాలావరకు మన పాలపుంత ధూళేనని తేలింది. వాళ్లది వేరే పద్ధతి, వేరే వెలుగు, కానీ అదే ధూళి. వాళ్లే ముందుకొచ్చి ఒప్పుకున్నారు, తలెత్తుకునే ఉన్నారు. ఈ కథ నాకు చెప్పింది కూడా శ్రీకృష్ణ గారే. అన్నీ ఆయనే చెప్పారు. ఆయన చెప్పిన ప్రతిదాన్నీ నేను ఆయన మీదికే ఎత్తాల్సి రావడం నాకు సరదా అనుకుంటున్నారేమో.

తట్ట నింపి కుప్ప మీద పోస్తుంటే ఘాటు గొంతులోకి దిగింది. నేను దగ్గితే ఆ పధ్నాలుగు మందికీ వినబడదు. అమ్మని చూస్తున్నాను, ఎడమ చేత్తో బరకం కొస పట్టుకుని లాగుతోంది, గాలికి అది నిండి అమ్మనే లాగుతోంది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మతో గుంటూరు యార్డుకి వెళ్లాను, నాన్న పోయిన ఏడాది. ఒక కొనుగోలుదారు వచ్చి మా బస్తాలో చెయ్యి కూడా పెట్టకుండా, "నెమ్ముంది" అన్నాడు, తడి ఆరలేదని. పక్క బస్తాల మొగ రైతుల దగ్గర చెయ్యి పెట్టి చూసి మరీ మాట్లాడాడు, మా దగ్గర పెట్టలేదు. అమ్మ బస్తా మీదికి వంగింది. కుట్టు దారం పళ్లతో తెంపి, బస్తా అంచు పట్టుకుని, మొత్తం అతని కాళ్ల ముందు బోర్లించింది. గలగలమని చప్పుడు, యార్డంతా తిరిగి చూసింది, అతని చెప్పులు కాయలో మునిగిపోయాయి. "ఇప్పుడు చూడు. చూసి చెప్పు" అంది. అతను చూడకుండానే వెళ్లిపోయాడు. ఆ కాయని మళ్లీ బస్తాకెత్తడానికి మాకు గంట పట్టింది, నేను సిగ్గుతో చచ్చిపోయాను, అందరూ చూస్తున్నారని. బస్సులో అమ్మని అడిగాను, ఎందుకమ్మా అంత పని, మనకేం వచ్చిందని. "నాకు కోపం వచ్చిందే" అంది అమ్మ, అంతకన్నా గొప్ప కారణమేదీ చెప్పలేదు. అమ్మకి ఏ సిద్ధాంతమూ లేదు. నాకూ లేదు. నాకు కోపం వచ్చింది.

నాలుగో అంశం ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో వినలేదు. చెవిలో ఆయన గొంతు, "అభ్యంతరాలేమీ లేవనుకుంటాను. అయితే శుక్రవారం పంపిద్దాం. అందరికీ ధన్యవాదాలు." ఆ "అందరికీ"కీ "ధన్యవాదాలు"కీ మధ్య మొదటి చినుకు నా మెడ మీద పడింది. కొంగు ముడి విప్పుతున్నాను, రావట్లేదు, వేళ్లకి మిరప పొడి, ఫోను తెర వేలిని గుర్తుపట్టట్లేదు, ఓణీకేసి తుడిచి మళ్లీ నొక్కాను, మళ్లీ నొక్కాను, గళ్లు ఒక్కొక్కటే మాయమవడం మొదలైంది, పదమూడు, పన్నెండు, ఎర్రగీత పోయింది.

"సార్, నాకు అభ్యంతరం ఉంది."

ఇంగ్లీషులో అన్నాను, అయినా మా కల్లంలో అరిచినట్టే వచ్చింది, ఎందుకంటే గాలి హోరులో నాకు నేనే వినబడలేదు. పోబోయిన గళ్లు ఆగాయి. "ఖుర్షిదా, మనం దీని గురించి మాట్లాడుకున్నాం కదా" అన్నారాయన. మాట్లాడుకున్నాం సార్, మూడుసార్లు, ఇప్పుడు అందరి ముందూ మాట్లాడతాను. కొత్త ధూళి పటంతో సవరిస్తే గీత చివర వంపు ఉండట్లేదు, రెండోదేదీ లేని వెయ్యి ఆకాశాల్లో మన పాత సవరణే ఆ వంపుని పుట్టిస్తోంది, బొమ్మలూ కోడూ మన ఉమ్మడి ఫోల్డర్లో పొద్దున్నే పెట్టాను, ఎవరైనా తెరిచి చూడవచ్చు. ఒక్క ఊపిరిలో చెప్పాను. "ఆ శబ్దం ఏమిటి?" అని కిటికీలో మంచున్న ఆయన అడిగాడు. వాన, అన్నాను. అమ్మ బరకం తాడు తెచ్చి నా చేతిలో పెట్టి, పట్టుకో అని సైగ చేసి, రాళ్లు పేర్చడానికి వెళ్లింది. తాడు పట్టుకుని, మడమలు నేలకి తన్నిపెట్టి, గాలికి ఎదురు లాగుతూ మాట్లాడాను. "ఇది సరైన పద్ధతి కాదు" అన్నారు శ్రీకృష్ణ గారు, ఆయన గొంతు మొదటిసారి పైకి లేచింది. "ఒక విద్యార్థిని చివరి నిమిషంలో, ఎవరూ పరిశీలించని లెక్కతో..." అప్పుడు ఇటలీ నుంచి ఒకావిడ, అంతవరకు నోరు విప్పని మనిషి, "బొమ్మ తెరిచాను. ఇది ఎవరు చేశారు?" అంది. నేనే చేశాను. "పేపర్లో ఉన్న మొదటి గీత?" అదీ నేనే చేశాను. అది నాది కాబట్టే తప్పని చెప్పే హక్కు మొదట నాది. ఇలాగే పంపేట్టయితే నా పేరు తీసెయ్యండి, ఎందుకు తీశారో కూడా నేనే రాసి బయట పెడతాను. ఇంత మాట అంటానని నేను అనుకోలేదు. తాడు అరచేతిని కోస్తోంది.

సిగ్నల్ ఒకసారి పోయి వచ్చింది. తర్వాత ఇటలీ ఆవిడ గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది, శుక్రవారం పంపడానికి తను ఒప్పుకోదట, ఆరు వారాలు ఆపి, తన బృందం మొదటి నుంచీ విడిగా చేసి చూస్తుందట. కిటికీలో మంచున్న ఆయన సరేనన్నాడు. ఇంకొకరు, ఇంకొకరు. శ్రీకృష్ణ గారి గడి నల్లబడింది. ఆయన వెళ్లిపోలేదు, పేరు ఉంది, ముఖం మాత్రం తీసేశారు. ఆ నల్లటి గడిని చూసి నేను గెలిచినట్టు అనిపించలేదు. ఆ బల్ల దగ్గర కళ్లజోడు తీసి పెట్టిన మనిషి అందులో ఉన్నాడు. ఆయన ముందు తల వంచాలనీ ఉంది, ఈ తాడు వదలకూడదనీ ఉంది. తాడే పట్టుకున్నాను.

వాన దభాలున దిగింది. కుప్ప మీద మూడు బరకాలు పడ్డాయి, నాలుగోదాన్ని గాలి ఎత్తి కంచె మీద పడేసింది, ఈశాన్యం మూల ఆరేడు తట్టల కాయ నిలువునా తడిసింది. కోటిరత్నం వానని అమ్మానాన్నలతో సహా తిట్టింది. అందరం మోటారు గదిలో ఒకరినొకరు నెట్టుకుంటూ నిలబడ్డాం, ఎనిమిది మంది ఆడవాళ్లం, తడి బట్టలు, ఘాటు, ఒకరి తర్వాత ఒకరం తుమ్ములు. అమ్మ సిమెంటు కట్టు తడవకుండా పైకెత్తి పట్టుకుంది, ఎవరికో ప్రమాణం చేస్తున్నట్టు. ఫోను వణికింది. శ్రీకృష్ణ గారు తెలుగులో రాశారు, ఆయన ఎప్పుడూ ఇంగ్లీషులోనే రాస్తారు. "నా ఉత్తరం ఆశించకు. వేరే ఎవరినైనా అడుగు." రెండుసార్లు చదివాను.  "సరే సార్. వెయ్యి ఆకాశాల కోడు ఫోల్డర్లో ఉంది. మీరే పడగొట్టి చూడండి, పడితే నేను ఒప్పుకుంటాను" అని రాసి పంపాను. ఆ పక్కన నీలం టిక్కులు పడ్డాయి, చదివారు.  జవాబుకి ఎదురు చూడకుండా ఫోను రొంటిన పెట్టుకున్నాను.

"ఏంటమ్మాయ్, అంత వానలో కల్లం అదిరిపోయేట్టు అరిచావు, ఎవరి మీద?" అంది కోటిరత్నం, తలగుడ్డ పిండుకుంటూ.

"మా సారు మీద, అత్తా."

"సారు మీదే! ఏంటంట?"

"వెతికేది ఒకటుంది. దొరికిందని రాద్దామన్నాడు."

"దొరికిందా?"

"దొరకలేదు."

"దొరకలేదని చెప్పడానికా అంత గొంతు!"

"అవునత్తా" అన్నాను, "దొరకలేదని చెప్పడానికే."

కోటిరత్నం నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. బయట వాన ఇంకా రేకుల మీద మోగుతూనే ఉంది. ఆమె తన గొంతు దానికి మించి పెంచి, "ఆ మాట వాడికి వినబడిందా లేదా?" అంది.

"వినబడింది."

"అయితే సరే" అంది కోటిరత్నం, "జరుగు, మీ అమ్మ చెయ్యి తడుస్తోంది."